ఏడాదికి ఒక్క గుడ్డు!

మీటరు ఎత్తు... మగదైతే పదిహేను కిలోల దాకా బరువు! అంత బరువుతో గాల్లోకి ఎగిరే పక్షులు ప్రపంచం మొత్తమ్మీద చాలా తక్కువ. అలాంటిది మన బట్టమేక పిట్ట. ఉమ్మడి కర్నూలు జిల్లా నందికొట్కూరు దగ్గర్లోని రోళ్లపాడు (ఇప్పుడిది నంద్యాల జిల్లా) గడ్డి మైదానాల్లో ఒకప్పుడు పదుల సంఖ్యలో తిరిగేది. దాని కోసమే 1988లో 614 హెక్టార్లలో అక్కడ అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనిపించడమే గగనం!

కోడిపెట్టలాగా పదీ పన్నెండు గుడ్లు పొదిగే పక్షి కాదిది. గూడు కట్టదు. నేలమీదే పెడుతుంది... అదీ సాధారణంగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు. ఒక్క పిట్ట పోతే ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది.

ఇలాగే ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టిన సముద్ర పక్షి గ్రేట్ ఆక్. 'పెంగ్విన్' అన్న పేరు మొదట దీనిదే. అట్లాంటిక్ ఉత్తరాన లక్షల్లో ఉండేది. ఎగరలేదు. కెనడా తూర్పు తీరంలోని ఫంక్ దీవిలో నావికులు దీన్ని మాంసం కోసం, ఈకల కోసం వేలల్లో చంపారు. అరుదైపోయాక కూడా వదల్లేదు. అరుదైనది కాబట్టే సేకరించేవాళ్లు ఎక్కువ ధర పెట్టారు! 1844 జూన్‌లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే దీవిలో ఆఖరి జంటను చంపేశారు. అక్కడున్న ఒక్క గుడ్డూ పగిలిపోయింది.

మన పిట్టకు రెక్కలున్నాయి. అయినా తుపాకీ ముందు అవి ఏం చేస్తాయి? 1809-29 మధ్య రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయుడు ఒక్క అహ్మద్‌నగర్ జిల్లాలోనే 961 పిట్టల్ని కాల్చాడు. తర్వాత జీపుల్లో వెంటాడే వేటగాళ్లొచ్చారు. 1972 చట్టం వేటను నిషేధించింది. కానీ అప్పటికే తగ్గిపోయిన పిట్టలకు గడ్డినేలలు కరవయ్యాయి. కొర్ర, జొన్న చేలు పోయి పత్తి వచ్చింది. సూటిగా ముందున్నది సరిగా కనపడని ఈ పిట్టలకు కరెంటు తీగలూ మృత్యుపాశాలయ్యాయి.

దేశం మొత్తమ్మీద ఇప్పుడు బయట తిరిగేవి 150కి మించవని అంచనా. రాజస్థాన్‌లో 2019 నుంచి గుడ్లను సేకరించి పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతోనూ ఓ పిల్ల పుట్టింది. గ్రేట్ ఆక్‌కు దొరకని అవకాశమిది.

రోళ్లపాడులో గడ్డి ఇంకా ఉంది. కృష్ణజింకలు గెంతుతున్నాయి. ఏదో ఒకరోజు బట్టమేక పిట్టను అక్కడికి తిరిగి తేవాలంటే ముందు ఆ గడ్డి మిగలాలి. బీడుభూమే కదా అని దున్నేస్తే, వచ్చిన పిట్ట గుడ్డెక్కడ పెడుతుంది?