ప్రార్థన చాలదా, చదువెందుకు అనేవారికి

మా కతోలిక ఇళ్ళలో పెద్దలు తరచుగా అనే మాట ఒకటుంది: దేవుణ్ణి ప్రార్థించాలి గానీ ప్రశ్నించకూడదు. వినడానికి ఎంతో వినయంగా ఉంటుంది. బ్లాగు మిత్రుల్లో హేతువాదులు అనే మాట ఇంకొకటి: ప్రార్థన చేసుకునేవాడు దైవశాస్త్రం చదివితే దాన్ని చదువు అనరు, భజన అంటారు. ఇది వినడానికి ఎంతో ధీమాగా ఉంటుంది. తాము బద్ధవిరోధులమని అనుకునే ఈ రెండు పక్షాలూ నిజానికి ఒకే మాట చెబుతున్నాయి. ప్రార్థనా చదువూ ఒక ఇంట్లో ఇమడవట. ఆ మాట తప్పని నా వాదన. దానివల్ల తెలుగు కతోలికులకు జరిగిన, జరుగుతున్న నష్టం చిన్నది కాదని కూడా.

దైవశాస్త్రం అంటే ప్రసంగాలు చెయ్యడం నేర్పే శిక్షణ అని చాలామంది అభిప్రాయం. కాదు. బైబులును హీబ్రూ, గ్రీకు మూలాల దాకా వెళ్ళి చదవడం, 325లో నికేయాలో మొదలుకొని సభల్లో క్రీస్తును గురించి జరిగిన వాదోపవాదాలను వాటి తర్కంతో సహా అర్థం చేసుకోవడం, నీతిశాస్త్రం, ఆరాధన చరిత్ర, వీటికి పునాదిగా తత్వశాస్త్రం. విశ్వవిద్యాలయ స్థాయిలో ఇది ఏళ్ళ తరబడి చెయ్యవలసిన పని. పునీత థామస్ అక్వినాస్ మహాగ్రంథంలో ప్రతి ప్రకరణమూ ప్రత్యర్థి అభ్యంతరాలతోనే మొదలవుతుంది. ‘దేవుడున్నాడా’ అన్న చోట కూడా ముందు వచ్చేది లేడనేవాడి వాదమే. భజనలో ఈ పద్ధతి ఎక్కడైనా ఉందా?

బషీర్‌బాగ్ నుంచి ఇది రాస్తున్నాను కనుక ఈ పేట చరిత్రలోని ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఉస్మానియా విశ్వవిద్యాలయం అనగానే అందరికీ ఆర్ట్స్ కాలేజీ భవనం గుర్తొస్తుంది. ఆ భవనం ప్రారంభమైంది 1939లో. విశ్వవిద్యాలయం మాత్రం 1918లో ఇక్కడే, నిజాం కాలేజీ పక్కన, బషీర్‌బాగ్‌లో పుట్టింది. తొలుత తెరిచిన విభాగాలు రెండు: ఆర్ట్స్ ఒకటి, దైవశాస్త్రం రెండోది. మొదటి జట్టు విద్యార్థులు 225 మంది. ఆ దైవశాస్త్రం ఇస్లాముది, బోధన ఉర్దూలో. ఉర్దూలో పైచదువులకు పరిభాష లేదని ఎవరూ చేతులు ముడుచుకోలేదు. పరిభాష తయారు చెయ్యడానికి 1917లోనే ఒక అనువాద సంస్థను నెలకొల్పారు. రోజుకు ఐదుసార్లు నమాజు చేసే అధ్యాపకులు, నమాజు చేసే విద్యార్థులకు, విశ్వవిద్యాలయ తరగతి గదిలో, దేశభాషలో దైవశాస్త్రం చెప్పారు. నిజాం పాలన మీద నాకున్న అభ్యంతరాలు నాకున్నాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ పాలకులు మాకంటే వందేళ్ళు ముందున్నారు.

ఇక మా సంగతి. బషీర్‌బాగ్‌కు కూతవేటు దూరంలో గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కథీడ్రల్ ఉంది. ఆదివారం దివ్యపూజకు నిలబడడానికి చోటు దొరకదు. రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ గురువిద్యాలయం ఉంది. అది ప్రధానంగా గురువులు కాబోయే యువకుల కోసం ఏర్పడింది. పూల ఆంథోనీగారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినప్పుడు తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ అని అందరం సంతోషించాం, సంతోషించవలసిందే. గురువు కాదలచిన దళిత బాలుడికి దైవశాస్త్రం దాకా దారి ఉందని అది రుజువు చేసింది. గురువు కాదలచుకోని వాడికీ, అసలు కాలేని ఆడపిల్లకూ దారి ఏది?

‘మీకెందుకమ్మా ఇదంతా, జపమాల చెప్పుకోండి చాలు’ అని నాతోనే ఒక పెద్ద గురువు అన్నారు, తెలుగులో దైవశాస్త్ర పుస్తకాలు ఏవి చదవమంటారని అడిగినందుకు. ఆయన చెడ్డవారు కారు. జపమాల నేను చెప్పుకుంటూనే ఉన్నాను. అయితే జపమాలలోని ఆ రహస్యాలను ధ్యానించాలంటే అవి ఏమిటో తెలియాలి కదా స్వామీ అని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

నవ్వి ఊరుకునే విషయం కాదిది. 1965లో రెండవ వాటికన్ మహాసభ, ఆధునిక ప్రపంచంలో శ్రీసభను గురించిన పత్రంలో, గృహస్థ విశ్వాసులు అనేకులు పవిత్రశాస్త్రాల్లో తగిన శిక్షణ పొందాలని ఆశించింది. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 229వ సూత్రం ఆశ దగ్గర ఆగలేదు, హక్కు అంది. శ్రీసభ విశ్వవిద్యాలయాల్లో చేరి, తరగతులకు హాజరై, పట్టాలు పొందే హక్కు గృహస్థులకు ఉంది. స్త్రీలకని వేరే మినహాయింపు లేదు. నలభై ఏళ్ళు దాటింది. హక్కు కాగితం మీద భద్రంగా ఉంది.

ప్రార్థన చాలుననేవారు తమకు మద్దతుగా అక్వినాస్ కథనే చెబుతారు. 1273 డిసెంబరు 6న దివ్యపూజలో ఆయనకేదో దర్శనం కలిగింది, ఆ తరవాత కలం ముట్టలేదు, తాను రాసినదంతా గడ్డిపరకతో సమానమన్నాడు. చూశారా, అంతటివాడే చదువు దండగన్నాడు అంటారు! అయ్యా, ఆయన అప్పటికి ఇరవై ఏళ్ళు పారిస్‌లోనూ ఇటలీలోనూ పాఠాలు చెప్పి, రాసి, వాదించి ఆ మాట అన్నాడు. వడ్లు పండించి కుప్ప నూర్చినవాడు మిగిలినదాన్ని చూపి గడ్డి అంటే అర్థం ఉంది. పొలంలో అడుగు పెట్టనివాడు అదే మాట అంటే ఏమనాలి? దివ్యసత్ప్రసాద ఆరాధనలో నేటికీ పాడే గీతాలు కూడా ఆయన రచనలేనని పరంపర చెబుతోంది. తరగతి గదిలో తర్కం చెప్పిన చెయ్యే ఆ పాటలూ రాసింది.

అవిలా తెరేసమ్మను తీసుకోండి. ప్రార్థన గురించి ఆమెకంటే ఎక్కువ తెలిసినవారు మాలో అరుదు. ఆ తెరేసమ్మే తన ఆత్మకథలో అరకొర చదువుల ఒప్పుకోలు గురువుల వల్ల తనకెంత హాని జరిగిందో చెప్పుకుంది. భక్తి ఉండి చదువు లేనివాడికంటే చదువున్నవాడే తనకు మేలు చేశాడని మళ్ళీ మళ్ళీ రాసింది. పదహారవ శతాబ్దపు స్పెయిన్‌లో విశ్వవిద్యాలయం గడప ఎక్కే వీలు లేని స్త్రీ రాసిన మాట అది. 1970లో శ్రీసభ ఆమెకు సభాపండితురాలన్న బిరుదు ఇచ్చింది. బిరుదిచ్చి, ఆమె చెప్పినది మాత్రం విననట్టున్నాం.

హేతువాద మిత్రులకు ఒకే ఒక ప్రశ్న. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ వింటారు కదా. తంబురా ముందు గంటలు గంటలు సాధన చేసిన గాయకుడికి రాగలక్షణం గురించి మాట్లాడే అర్హత సాధన వల్ల పోయిందా, వచ్చిందా? సాధన చెయ్యనివాడు కూడా సంగీతశాస్త్రం రాయవచ్చు, కాదనను. అయితే సాధకుడు రాస్తే అది శాస్త్రమే కాదనడం ఏ శాస్త్రం? న్యూమన్ 1852లో డబ్లిన్ ఉపన్యాసాల్లో చెప్పిందీ దీనికి దగ్గరదే. అన్ని విద్యలూ చెబుతామంటూ దైవశాస్త్రాన్ని వదిలేసే విశ్వవిద్యాలయం తన పేరుకే ఎసరు పెట్టుకుంటోందని ఆయన వాదం. ఆ న్యూమన్‌ను 2025 నవంబరులో లియో జగద్గురువులు సభాపండితుడిగా ప్రకటించారు.

ఇదంతా పరదేశాల ముచ్చట అనుకోనక్కర లేదు. పొరుగున మైసూరులో అమలోర్పవదాస్ అనే గురువు ఉండేవారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయన పీఠం నెలకొల్పిందీ ఆయనే, చాముండి కొండ దాపున అంజలి ఆశ్రమం కట్టి ధ్యానం నేర్పిందీ ఆయనే. ఒక చేత్తో పరిశోధన విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు, ఇంకో చేత్తో దీపం. 1990లో ప్రమాదంలో పోయారు. ఆయన చేసినది చెయ్యగల పని అని మాత్రం రుజువైపోయింది.

మరి మనకు దగ్గరలో? అశోక్‌నగర్ పక్కన, లోయర్ ట్యాంక్‌బండ్ వైపు, ఆంధ్రా క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల ఉంది. 1964లో రాజమండ్రిలో బాప్టిస్టులు, లూథరన్లు తదితర ప్రొటెస్టంటు సంఘాలు కలిసి పెట్టుకున్నది, 1973లో ఇక్కడికి వచ్చింది. వారి పట్టాలు సెరంపూర్ నుంచి వస్తాయి. సెరంపూర్‌కు 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన అధికారపత్రం ఉంది. సంఘ సభ్యులు ఇంటి దగ్గర ఉండి చదువుకునే పట్టాలు కూడా సెరంపూర్ ఇస్తోంది. మేమేమో ఆంధ్రా లయోలా (1953), సెయింట్ ఫ్రాన్సిస్ (1959), లయోలా అకాడమీ (1976) అంటూ కళాశాలలు పెట్టి బి.కాం., కంప్యూటర్లు దివ్యంగా చెబుతున్నాం. ఒక కతోలిక విద్యార్థి అక్కడ దైవశాస్త్రంలో పట్టా చదవాలనుకుంటే విభాగమే లేదు. డబ్బు లేదనడానికి వీల్లేదు, భవనాలు కళ్ళెదుటే ఉన్నాయి.

భాష లేదంటారు కొందరు. ఇది నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సాకు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెసూట్లు తెలుగుసీమలో ఉండి తెలుగూ సంస్కృతమూ నేర్చుకున్నారు. కేర్దూ (1691–1779) తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్లకూ ఉన్న చుట్టరికాన్ని 1767లోనే, విలియం జోన్స్ కంటే ముందే, పారిస్ పండితులకు రాసి పంపాడు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ అనే క్రీస్తు ప్రబంధం రాశాడు. అంటే క్రీస్తును గురించి పద్యంలో, ప్రౌఢంగా, శాస్త్రీయంగా ఆలోచించడం తెలుగుకు కొత్తేమీ కాదు. 1773లో జెసూట్ సభ రద్దయింది, ఆ తీగ తెగిపోయింది. మన కాలంలో పూదోట జోజయ్యగారు ఒక్కరే కూర్చుని కతోలిక బైబులును తెలుగు చేసి, ‘బైబులు భాష్యం’ సంపుటాలు రాశారు. ఒక మనిషి ఇంత చేస్తే ఒక విభాగం ఎంత చెయ్యగలదు!

పరిభాషలో చిక్కులున్న మాట నిజమే. ‘వేదాంతం’ అంటే వీధిలో మెట్టవేదాంతం గుర్తొస్తుంది. గ్రీకు ‘ఊసియా’కు ‘స్వభావం’ అనాలా ‘సారం’ అనాలా ‘సత్త’ అనాలా? ‘అవతారం’ అంటే చాలు, పది అవతారాల్లో పదకొండోది అనుకునే ప్రమాదం ఉంది. ఈ చిక్కులే కదా అసలు చదువు! వీటిని తెలుగులో తేల్చుకోవడం అంటేనే తెలుగులో దైవశాస్త్రం చెయ్యడం.

చదువు లేకపోతే ఏమవుతుందంటారా? రోజూ అవుతూనే ఉంది. బిడ్డ చనిపోయిన తల్లి దగ్గరికి ఓదార్పుకని వెళ్ళి, ఇంట్లో ఏదో రహస్య పాపం ఉంటుంది, దేవుడు ఊరికే శిక్షించడు అని చెప్పివచ్చేవాళ్ళను చూశాను. యోబు గ్రంథంలోంచి వాక్యం కూడా చదువుతారు. ఆ వాక్యం యోబు మిత్రులది. గ్రంథం చివర దేవుడు ఆ మిత్రుల మీదే కోపిస్తాడు, మీరు నా గురించి సరిగా మాట్లాడలేదని. అంటే దేవుడు తప్పన్న మాటను దేవుని మాటగా ఆ తల్లి చెవిలో పోస్తున్నాం. వాళ్ళకు భక్తి తక్కువా? తెల్లవారుజామున లేచి ప్రార్థించేవాళ్ళే. చదువే లేదు. యోబు గ్రంథం మీద ఒక ఆరు నెలల పాఠం ఉండి ఉంటే ఆ తల్లికి ఆ రాత్రి తప్పేది.

ఇంకొకటి. రెడ్డి కతోలికులు, కమ్మ కతోలికులు, మాల మాదిగ కతోలికులు ఒకే పీఠం దగ్గర సత్ప్రసాదం స్వీకరించి, పెళ్ళిసంబంధాల దగ్గర విడిపోతారు. జ్ఞానస్నానం ఏం చేస్తుంది, ఏం చెయ్యదు అన్నది మా ఊళ్ళల్లో శాస్త్రచర్చ కాదు, కళ్ళముందున్న గాయం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు దళిత క్రైస్తవుణ్ణి జాబితా బయట నిలబెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరుచుకుంది, అతనికి లేదు. అటు రాజ్యమూ ఇటు తోటి విశ్వాసీ గెంటేసిన మనిషి తన దేవుడి గురించి తానే ఆలోచించి రాయగలగాలి. అతని తరఫున బెంగుళూరులోనో రోములోనో ఇంకెవరో ఆంగ్లంలో రాసిపెడితే సరిపోదు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్ కోచింగు గదుల్లో పిల్లలు రోజుకు పన్నెండు గంటలు కూర్చుని చదువుతారు. ఓపిక లేని జాతి కాదు మనది. వాళ్ళలో కతోలికులూ ఉన్నారు.

నేను కోరేది విశ్వవిద్యాలయ భవనం కాదు, ఇప్పటికిప్పుడు కాదు. బషీర్‌బాగ్‌లోనో నారాయణగూడలోనో ఒక గది. ఏదైనా కళాశాల తన విభాగంగా గుర్తించి పట్టా ఇస్తానని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వారానికి మూడు సాయంత్రాలు. ఆరున్నరకు కీర్తనలతో సాయంకాల ప్రార్థన, తెలుగులో, ఇష్టం లేనివాళ్ళు బయట కూర్చోవచ్చు. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా పాఠం. మొదటి ఏడు యోబు గ్రంథం, మార్కు సువార్త, నికేయా, గ్రీకు అక్షరాలు. పరీక్ష ఉండాలి, తప్పినవాళ్ళు తప్పాలి. గురువులూ మఠకన్యలూ గృహస్థులూ ఒకే బెంచీల మీద కూర్చోవాలి. హేతువాద మిత్రులు వస్తే మొదటి వరసలోనే చోటిస్తాం, అభ్యంతరాలతో మొదలుపెట్టే శాస్త్రానికి వాళ్ళ అవసరం ఉంది. ఆడవాళ్ళు రాత్రిపూట ఇల్లు చేరడం కష్టమని వెంటనే అంటారు, తెలుసు. నారాయణగూడలో, చిక్కడపల్లిలో మెట్రో స్టేషన్లు ఉన్నాయి. 2020 నుంచీ ఉన్నాయి.