కాలిన ప్లగ్గు చెప్పిన లెక్క

గత చలికాలంలో ఒకనాడు ఫజ్ర్ అజానుకు ముందు మా మదర్సా వసతి గృహంలో ఏదో కాలుతున్న వాసన వచ్చింది. పిల్లల వుజూ కోసం నీళ్లు కాచే రెండు హీటర్ రాడ్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి ఉన్నాయి. ఆ బోర్డు ప్లగ్గు నల్లబడి, మెత్తబడి, గోడలోని సాకెట్‌కు అంటుకుపోయింది. అల్లాహ్ దయవల్ల ప్రమాదం అంతటితో ఆగింది. ఆ గోడకు మూడడుగుల దూరంలోనే పిల్లల పరుపులు ఉన్నాయి. తల్లిదండ్రులు మమ్మల్ని నమ్మి అప్పగించిన అమానతు వాటిపై నిద్రిస్తోంది.

ప్లగ్గు నాసిరకమని మేము వెంటనే తీర్పు చెప్పేశాము. బాగు చేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకప్పుడు మా వద్ద చదువుకున్నవాడే. "హజ్రత్, ప్లగ్గును తర్వాత తప్పుపడదాం, ముందు లెక్క చూడండి" అన్నాడు. ఫరాయిజ్ పాఠంలో ఆరో వంతులు, ఎనిమిదో వంతులు చేసి ఆస్తిని పంచి చూపే మేము, ఇంట్లో ప్రతి పరికరంపైనా రాసి ఉండే రెండు అంకెలతో ఒక్క భాగహారమైనా ఎన్నడూ చేసి ఉండలేదు.

లెక్క ఇది. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే విద్యుత్ సామర్థ్యం, అంటే వాట్లు వస్తాయి. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, అంటే ఓములు వస్తాయి. రెండవ సూత్రాన్ని 1827లో గ్రంథస్థం చేసిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీకి చెందినవాడు. ఆయన కూడా ఉపాధ్యాయుడే. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. మా రాడ్డుపై 1500 వాట్లు అని ఉంది. 1500ను 230తో భాగిస్తే 6.5 ఆంపియర్లు. 230ని 6.5తో భాగిస్తే సుమారు 35 ఓముల నిరోధం. రెండు రాడ్లకు కలిపి 13 ఆంపియర్లు. అవి వెళ్లవలసిన సాకెట్ మాత్రం 6 ఆంపియర్లది. ఒక్క రాడ్డుకే చాలని సాకెట్‌కు మేము రెండింటిని తగిలించాము.

దీనిని నల్లబల్లపై రాసి వివరిస్తుండగా పై తరగతి విద్యార్థి ఒకడు లేచి నిలబడ్డాడు. "ఉస్తాద్, నిరోధం తగ్గితే వేడి పెరుగుతుందని ఇప్పుడే చెప్పారు. నిరోధం ఎక్కువైనందుకే ప్లగ్గు కాలిందని ఆ అన్నయ్య చెప్పాడు. రెండూ ఎలా నిజమవుతాయి?" అని అడిగాడు. మాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. పైకి పరస్పరం విరుద్ధంగా కనిపించే రెండు ఉల్లేఖనాలు ఎదురైనప్పుడు, ఒకదానిని కొట్టివేయడానికి ముందు ఏది ఏ సందర్భంలో చెప్పబడిందో వెతకమని మా గురువులు మాకు నేర్పారు. ఇక్కడా అదే చేశాము.

రాడ్డుకు అందే వోల్టేజి స్థిరంగా 230. అక్కడ నిరోధం తగ్గేకొద్దీ కరెంటు పెరిగి, వేడి కూడా పెరుగుతుంది. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య వదులైన అతుకు విషయం వేరు. అది రాడ్ల కరెంటుకు మధ్యదారిలో కూర్చున్న బాటసారి వంటిది. ఎంత కరెంటు పోవాలో నిర్ణయించేది ప్రధానంగా రాడ్లే. అందుచేత అక్కడ కరెంటు దాదాపు స్థిరం. ఆ కరెంటును దానితోనే గుణించి, తిరిగి నిరోధంతో గుణిస్తే వేడి లెక్క తెలుస్తుంది. అతుకులో కేవలం అర ఓము ఉందనుకుందాము. 13ను 13తో గుణిస్తే 169, అందులో సగం 84 వాట్లు. అర ఓము అదనంగా చేరినందుకు కరెంటు కొంత తగ్గుతుంది గనుక 80 అనుకున్నా, పాతకాలపు 60 వాట్ల బల్బును మించిన వేడి వేలి గోరంత చోట పోగుపడుతోందన్నమాట. ప్లాస్టిక్ కరగక ఏమి చేస్తుంది?

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని అందులో మందపాటి తీగ చుట్టించింది మేమే. ఎలక్ట్రీషియన్ ఆ తీగను చూపినప్పుడు మా వద్ద జవాబు లేకపోయింది. పైగా సరైన ఫ్యూజు ఉన్నా వదులు అతుకును పసిగట్టలేదు. అది కరెంటును మాత్రమే లెక్కిస్తుంది, ఎక్కడో పుట్టే వేడిని కాదు.

వుజూ స్థలం గనుక తడి చేతుల సంగతీ చూడాలి. పొడి చర్మపు నిరోధం వేల ఓములలో ఉంటుంది. తడిసినప్పుడు శరీర నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు. మనుషుల రక్షణకు అమర్చే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరా తెంచేస్తుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన రాసి చూసిన తర్వాత దాని ఖరీదు గురించి కమిటీలో ఎవరూ వాదించలేదు.

ఇప్పుడు ఒక్కొక్క రాడ్డుకు విడిగా తగిన మందం గల తీగ, 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్త్ ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డును తీసివేశాము. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతనే నీటిని ముట్టుకోవాలని నియమం పెట్టాము. 15 లీటర్ల బకెట్టు నీరు 20 డిగ్రీల నుండి 45కు రావడానికి ఆ రాడ్డుకు 18 నిమిషాలు చాలు. మేము గంటసేపు వదిలేసేవారము, అదీ ప్రజల చందాలతో కట్టే బిల్లుపై. ప్రశ్న అడిగిన ఆ విద్యార్థికే ఒక బాధ్యత అప్పగించాము. ప్రతి శుక్రవారం నీళ్లు కాగిన వెంటనే స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, పొడి చేతితో దాని ప్లాస్టిక్ భాగాన్ని తాకి చూడాలి. వేడిగా ఉంటే అతుకు వదులైనట్లే, ఆ రోజు చన్నీళ్లతోనే వుజూ.