మీ ప్రశ్న – మా జవాబు: జీపుకు ఏ టైర్లు?

ఒక సోదరి, రహమత్ నగర్: మావారు జీపులాంటి కారు కొన్నారు. దర్జాగా ఉంటుందని పెద్ద గుబ్బల మడ్ టైర్లు వేయిస్తానంటున్నారు. వేయించవచ్చునా?

జవాబు: వద్దమ్మా! మీవారు రోజూ తిరిగేది యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ తారురోడ్ల మీదనే కదా! గుబ్బల టైరు బురదలో పట్టునిస్తుంది. కాని గుబ్బల నడుమ సందులు పెద్దవి కనుక తారుమీద ఆనే రబ్బరు తక్కువ. వానలో జూబ్లీహిల్స్ పల్లం దిగుతూ బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. చప్పుడూ, పెట్రోలు ఖర్చూ అదనం. రోడ్డుకు హెచ్.టి. రకం చాలు, అప్పుడప్పుడు అనంతగిరి మట్టిదారి పట్టేవారికి ఏ.టి. రకం మేలు. కొనేముందు టైరు పక్కన నాలుగంకెలు చూడమనండి: 2325 అంటే 2025లో 23వ వారం తయారైనదని. గాడి లోతు 1.6 మి.మీ.కు అరిగితే మార్చవలసిందే. పిల్లలెక్కే బండి ముందు సరిగా ఆగాలి. దర్జా తరువాత చూసుకోవచ్చు.