నాన్న అడిగిన లెక్క

సేంద్రియ వ్యవసాయం గురించి మాట్లాడని వేదిక యీ రోజుల్లో లేదు. మన కాలేజీ సెమినార్లో నేనూ మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ వుత్సాహంతోనే సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్లి, "నాన్నా, ఈ దాళ్వాకి యూరియా మానేద్దాం" అన్నాను.

నాన్న కాదనలేదు. ఒక్క మాటే అడిగాడు. "మన రెండెకరాల్లో మొదటేడు ఎన్ని బస్తాలు తగ్గుతాయిరా? ఆ తగ్గినవి ఎవరిస్తారు?"

మూడేళ్లుగా కెమిస్ట్రీ చదువుతున్న నేను నోరు మెదపలేకపోయాను.

జవాబు కోసం పుస్తకాలు తిరగేశాను. స్విట్జర్లాండులో 1978లో మొదలైన ప్రయోగం ఒకటుంది. ఒకే పొలంలో రెండు పద్ధతులనూ పక్కపక్కనే సాగుచేసి, 21 ఏళ్ల లెక్కలను 2002లో ప్రకటించారు. సేంద్రియ పద్ధతిలో దిగుబడి సగటున 20 శాతం తగ్గింది. కాని నేలలో జీవం పెరిగింది, ఎరువుల వాడకం బాగా తగ్గింది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఒకే చేలో గోధుమ వేస్తూ, పశువుల ఎరువునూ రసాయన ఎరువునూ పోల్చి చూస్తూనే వున్నారు. మట్టి తన సంగతి చెప్పడానికి అంత కాలం పడుతుంది. మరి ఆ 20 శాతం మా డెల్టా మాగాణికి వర్తిస్తుందా? అక్కడి నేల వేరు, వాన వేరు, పంట వేరు.

మన దేశంలో పరిశోధన లేదని కాదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2004లోనే సేంద్రియ సేద్యంపై ప్రాజెక్టు ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం వూరూరా ప్రచారమైంది. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు 2,481 కోట్లు ఆమోదించింది. లక్ష్యం కోటి మంది రైతులు. అంటే తలకు రెండున్నర వేలు కూడా లేదు! 2025-26 బడ్జెట్లో రసాయన ఎరువుల సబ్సిడీ లక్షా 67 వేల కోట్లకు పైనే.

ఆ సబ్సిడీ ఎత్తేయమని నేననను. ఎత్తేస్తే ముందు మునిగేది మా నాన్నే. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, పంటలు దెబ్బతిని, ఆ యేడే వెనక్కి తగ్గింది. లెక్క తెలియకుండా చేసే మార్పు అలాగే వుంటుంది.

అందుచేత నేను కోరేవి మూడే. పరిశోధనకిచ్చే గ్రాంటు ఒకే చేనుకు కనీసం పదేళ్లు ఆగకుండా రావాలి. ప్రయోగానికి పొలమిచ్చిన రైతుకు తగ్గిన ప్రతి బస్తా ఖరీదూ ఆ గ్రాంటులోనే వుండాలి. అందులో కొంత మనవంటి డిగ్రీ కాలేజీలకూ అందాలి. ల్యాబులో అటెండరు పొట్లం కట్టి ఇచ్చిన ఉప్పులో ఏముందో మనం కనిపెట్టి చెబుతాం. చుట్టుపక్కల వూళ్ల మట్టిలో ఏముందో మాత్రం ఎన్నడూ చూడలేదు. జీలుగ కలియదున్నితే మా చేనుకు ఎన్ని కిలోల నత్రజని చేరుతుందో చెప్పలేని చదువు రైతుబిడ్డకు ఎందుకు?

చివరికి నాన్న పది సెంట్లు నా చేతికిచ్చాడు. "నష్టమొస్తే నాది, లెక్క రాయడం నీది" అన్నాడు. నోటుబుక్కు మొదలుపెట్టాను. కాని మిత్రులారా, దేశానికి కావలసిన యీ ప్రయోగంలో నష్టమంతా ఒక పేద రైతు నెత్తినే పడటం న్యాయమేనా? పెద్దలూ, అధ్యాపకులూ ఆలోచించాలి.