కాలనీకి పోదాం, వాడను అమ్ముకొని కాదు

మడికొండలో ఇప్పుడు ఎవరిని కదిలించినా గజం ధర మాటే. చుట్టూ ఉన్న 42 గ్రామాలను కలుపుకొని 2015లో వరంగల్ 'గ్రేటర్' అయింది. అందులో మడికొండ ఒకటి. 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీలు ఇక్కడ ఆఫీసులు తెరిచినయ్. హైదరాబాద్ రోడ్డు పొంటి వెంచర్లు లేచినయ్. ఏండ్ల తరబడి ఈ నగరం మనకు పంపింది చెత్త. మడికొండ-రాంపూర్ డంపింగ్ యార్డు పొగ పీల్చినోళ్ళను ఇప్పుడు బ్రోకర్లు 'అన్నా' అని పిలుస్తున్నరు.

మన వాడలో, మన ఉద్యోగస్తుల ఇండ్లల్లో ఒకటే ముచ్చట. వాడ ఇల్లు అమ్మేసి కాలనీలో ప్లాటు కొందామా, వద్దా?

దీనికి రెండు జవాబులు వినబడుతున్నయ్. రెండూ తప్పే.

మొదటిది మన ఉద్యమంలోనే కొందరి మాట. వాడ విడిచినోడు జాతిద్రోహి అంటరు. అన్నా, వాడ మనం కోరి కట్టుకున్నదా? ఊరికి అవతల మనలను పడేసిన జాగ అది. 1942లో నాగపూర్‌లో జరిగిన అణగారిన కులాల మహాసభ మనకు వేరే ఊర్లు కావాలని తీర్మానించింది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ పల్లెను పొగిడేటోళ్ళను ఎండగట్టిండు. ఆయన వారసులమని చెప్పుకుంటూ వెలివాడకు కావలి కాయమంటే ఎట్ల? పిల్ల చదువుకోను ఒక అర్ర, ఇంట్లో నల్లా, వానకు మునగని గల్లీ కోరుకోవడం ద్రోహం కాదు, హక్కు.

రెండోది మన ఉద్యోగస్తుల మాట. "కాలనీలో కులమేడిది సార్, పైసలే కులం" అంటరు. అయితే టు-లెట్ బోర్డు మీద నంబరుకు ఒక్కసారి ఫోన్ చేసి చూడుండ్రి. కిరాయి చెప్పకముందే "మీరేంట్లు?" అని అడుగుతరు. నన్నూ అడిగిండ్రు. హన్మకొండలో ఒక ఇంటాయన అడ్వాన్సు మాట్లాడినంక నా కులం తెలిసి, "మా అల్లుడు వస్తుండు, ఇల్లు ఇయ్యలేం" అన్నడు. బడిపంతులుకే ఇట్లుంటే తాపీ పనికి పోయేటోని గతి ఏంది?

ఇది నా ఒక్కని బాధ కాదు. సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో కిరాయి ఇండ్లు అడిగించి చూసింది. ఆ ఫలితాలు 2015లో అచ్చయినయ్. ఫోన్‌లో అడిగిన దళితుల్లో దాదాపు 18 శాతం మందికి, ముస్లింలలో 31 శాతం మందికి ముఖం మీదనే లేదన్నరు. అగ్రకులాల పేర్లతో అడిగినోళ్ళకు ఆ మాట రాలే.

పేరు దాచుకుంటే గట్టెక్కుతమా? 1917లో బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీ చదువుతో బరోడా కొలువుకు వచ్చిండు. ఇల్లు దొరకక పార్సీ పేరుతో పార్సీల సత్రంలో ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజు కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టిండ్రు. అంత చదువును కాపాడని మారుపేరు మన ఇంటి పేరు మార్చుకుంటే కాపాడుతదా?

ఇగ అమ్మకం సంగతి. ఊరు కార్పొరేషన్‌లో కలిసిన నాడే పంచాయతీ పోయింది, సర్పంచ్ రిజర్వేషన్ పోయింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పల్లెలకే రాసింది, కాబట్టి మన ఆడోళ్ళ చేతిలోంచి ఆ పనీ పోయింది. మిగిలింది కాళ్ళ కింది జాగ. సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి, ఇంటి జాగ అమ్మినా కొన్నా చెల్లదని 1977 చట్టం చేసిండ్రు. చెల్లదని తెలిసే నోటరీ కాగితం మీద అగ్గువకు అడుగుతరు. ఇంకోటి. డివిజన్లలో ఎస్సీ రిజర్వేషన్ జనాభా లెక్క మీదనే వస్తది. ఇల్లిల్లూ అమ్ముకొని తలో దిక్కు చెదిరితే మన లెక్క చెదురుతది. చదువుకున్నోళ్ళు ముందు పోతరు. దరఖాస్తు రాసేటోడు, ఠాణాకు తోడు పోయేటోడు వాడలో మిగలడు. ఉన్నోళ్ళ మురికికాలువ గురించి ఎవడు అడుగుతడు?

కాబట్టి నేను చెప్పేది ఇదీ. కాలనీకి పోదాం. ఒక్కరొక్కరు దొంగచాటుగ కాదు, నాలుగు కుటుంబాలు కూడి ఒక్క దిక్కు కొందాం. గోడకు బాబాసాహెబ్ పటం పెట్టుకునే ఉందాం. అంటరానితనం పేరుతో ఏ బస్తీలోనైనా ఇల్లు కట్టుకోకుండ, కొనకుండ, కాపురం ఉండకుండ అడ్డుకోవడం నేరమని 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ చెప్తున్నది. ఎన్ని ఠాణాల్లో ఈ సెక్షన్ కింద కేసు రాయమని అడిగినం? అడుగుదాం. సాక్ష్యం పెట్టుకొని అడుగుదాం.

వాడలో ఇల్లు మాత్రం అమ్మొద్దు. తమ్మునికి ఇయ్యి, రాత్రిబడికి ఇయ్యి, సంఘానికి ఇయ్యి. కాలనీకి పోయే రోడ్డుకు, డ్రైనేజీకి ఖర్చు పెట్టే కార్పొరేషన్ వాడకెందుకు పెట్టదో ఆదివారం ఆదివారం వచ్చి అడుగు. ఇంటి పన్ను మనమూ కడుతున్నం.

అయ్యా ఉద్యోగస్తులారా, నెలకు నాలుగు ఆదివారాలు. ఒక్కటి వాడకు ఇయ్యలేరా?