సోంపేట పిమ్మట మరల బొగ్గా?

శ్రీకాకుళము జిల్లాలో సరుబుజ్జిలి, బూర్జ ప్రాంతమున బొగ్గు విద్యుత్కేంద్రమును స్థాపింపవలెనను ప్రతిపాదన 2025లో గట్టిగా వినవచ్చినది. అచ్చటి గిరిజనులును రైతులును వలదనిరి. వారిని అభివృద్ధి విరోధులని నిందించువారు సోంపేటను మఱచినట్లున్నారు.

2010 జూలై 14వ తేదీన సోంపేట బీలకడ తుపాకులు ప్రేలెను. నేల విడువమన్నవారి ప్రాణములు పోయెను. అదేదినమున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అధికారసంస్థ ఆ కేంద్రమునకొసగిన యనుమతిని రద్దుచేసెను. ఆ తీర్పు ఒక్కదినము ముందుగా వచ్చియుండినచో!

బీల యనగా కొండవాగుల నీరు సముద్రము చేరకమునుపు నిలుచు పల్లపునేల. ఆ నీటితో చుట్టుపట్ల వరి పండును; అందు మత్స్యకారులు వల వేయుదురు; వేసవిలో పశువులకు పచ్చిక యదియే. అట్టిదానిని కాగితములలో పనికిరాని భూమిగా వ్రాసిరి. అనర్థమునకు మూలము ఆ వ్రాతయే యని మా యభిప్రాయము. పట్టా లేనిది, శిస్తు రానిది వ్యర్థమని యెంచుట దొరలనాటి మర్యాద. దొరలు పోయిరి; దస్త్రము పోలేదు. ఏడాది తిరుగకుండగనే, 2011 ఫిబ్రవరి 28వ తేదీన, తేలినీలాపురపు పక్షులు మేతకు దిగు తంపరభూముల చెంత కాకరాపల్లిలో మరల కాల్పులు జరిగెను, మరల మనుష్యులు కూలిరి.

విద్యుత్తు వలదని మేమనము. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చినపుడు ఉత్తరాంధ్రము సంతోషించినది. (దానికై కోరాపుట్టు కొండలలో ఇల్లు విడిచినవారి మాట నాడెవ్వరును తలపలేదు, అదియు మన లెక్కలో చేరవలసినదే.) 2002 మొదలు పరవాడకడ సింహాద్రి కేంద్రము బొగ్గుతో నడచుచున్నది, దాని శక్తి నేడు 2000 మెగావాట్లు. ఇంతటితో చాలదా?

2014 విభజనతో సింగరేణి గనులు తెలంగాణమున నుండిపోయినవి. ఇచ్చట మండింపవలసిన బొగ్గు తాల్చేరునుండి రైలుమీదనో, పరదేశమునుండి ఓడమీదనో రావలెను. నేడు కేంద్రము కట్టినచో ముప్పదియేండ్లు ఆ ధర కట్టుబడియుండవలసినదే. మన దేశపు బొగ్గులో నూటికి 30, 40 పాళ్లు బూడిద. దానిని పోయుట కెవరి పొలము? సింహాద్రి యంత్రములు సముద్రపునీటితో చల్లబడును. సరుబుజ్జిలికి సముద్రము దూరము. వంశధార నీటిని గాక మఱి దేనిని వాడుదురు? ఆ నీటికై కాలువ చివర కాచుకొనియున్న రైతునకేమి చెప్పుదురు?

రాత్రివేళ సూర్యుడుండడు గదా యని కొంద రందురు. నిజమే. ఆ కొఱత తీర్చుటకు నీటిని పగలు పైకెత్తి రాత్రి దించు కేంద్రములున్నవి. మన్యమున వానిని తలపెట్టినపుడును కొండవారి సమ్మతి ముందు, కొలత వెనుక జరుగవలెను.

బొగ్గెచ్చటిది, బూడిద యెచ్చటికి, నీ రెంత, యూనిట్టు ధర యెంత? ఈ నాలుగు లెక్కలను తెలుగున అచ్చొత్తించి గ్రామసభలలో చదివి వినిపింపవలెను. అంతవరకు కొలతగొలుసు పట్టుకొని యే యుద్యోగియు ఆ యూళ్లకు పోరాదు.