ఆటగాడు సంతలో ఎద్దా?

2010లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్ జట్టును వదిలి మయామీలో డ్వేన్ వేడ్, క్రిస్ బాష్‌లతో చేరగానే అమెరికా బాస్కెట్‌బాల్ లోకంలో పెద్ద గగ్గోలు లేచింది. ద్రోహమంటూ క్లీవ్‌లాండ్ యజమాని బహిరంగ లేఖే రాశాడు. ఏం ద్రోహమండీ? 2003లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో ఆ జట్టే అతణ్ణి ఎంచుకుంది గాని, అతడు దాన్ని ఎంచుకోలేదు. ఏడేళ్ళు ఆడాడు, ఒప్పందం తీరింది, వెళ్ళాడు. యజమానులు మాత్రం ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకుంటే అది వ్యాపారమట! మాది వ్యవసాయ కుటుంబం. సంతకు తోలిన ఎద్దును ఎవరింటికి పోతావని మేమూ అడగం. కాని ఇక్కడ ఉన్నది మనిషి కదా!

హేమాహేమీలు ఒక్కటైతే ఇక పోటీయే ఉండదన్నారు. 2011 ఫైనల్లో ఆ మయామీనే డాలస్ 4-2తో ఓడించింది. 2012లో, 2013లో గెలిచారు నిజమే. 2013లో శాన్ ఆంటోనియో వాళ్ళను ఏడో ఆటదాకా లాగింది.

కెవిన్ డ్యురాంట్ సంగతే నాకు మింగుడు పడదు. 2016లో అతని ఓక్లహోమా సిటీ జట్టు 3-1 ఆధిక్యంలో ఉండి కూడా గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడింది. ఆ సీజన్లో 73 ఆటలు గెలిచిన జట్టది. రెండు నెలలు తిరక్కుండా వెళ్ళి అందులోనే చేరాడు. మరుసటి ఏడు ప్లేఆఫ్స్‌లో వాళ్ళు 17 ఆటలాడి ఒక్కటే ఓడారు. హక్కు అతనిదే, కాదనను. ఓక్లహోమాలో టికెట్టు కొనే మనిషి మాత్రం ఇంకేం చూడ్డానికి రావాలి?